ముప్పై కింద ముప్పై

ఇంట్ల తన పని తాను చేసినందుకు తిట్లు తినేటివి రెండే. ఒకటి కోడలు, రెండోది కరెంటు మీటర్ కాడ ఉండే ఆర్‌సీసీబీ డబ్బా. కోడలు సంగతి ఆమె మొగడు చూసుకోవాలె (చూసుకోడు, అది వేరే ముచ్చట). రెండోదాని సంగతి నేను చెప్త.

శంషాబాద్ చుట్టుపక్కల ఇండ్లల్ల కరెంటు పని చేసుకుంట చేసుకుంట నా నెత్తి నెరిసింది. ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనిస్తలేవు. కండ్లకు తీగల రంగు సక్కగ పడుతలేదు. ఎర్ర తీగను నల్ల తీగ అనుకునే వయసు వచ్చినంక గూడ ఈ పనిల ఉన్నోడు ధైర్యవంతుడు గాదు, దండేసిన ఫోటోకు తయారైతున్నోడు. అందుకే పక్కకు జరిగిన. నేను చదివింది ఏడో తరగతి దాక. ఎనిమిదిల గూడ కూసుందామనుకున్న గని బడే నన్ను వద్దన్నది.

ఇది కొత్తగ ఈ పనిలకు వస్తున్న తమ్ముళ్ళకు రాస్తున్న. లైసెన్సు ఎట్ల తీసుకోవాలె, కాంట్రాక్టర్‌ను ఎట్ల పట్టుకోవాలె, అవి చెప్ప. అవి నాకంటె మీకే మంచిగ తెలుసు. ఒక్క డబ్బా గురించి చెప్త. ఆ డబ్బా నాకు మనుషుల గురించి నేర్పిందే ఎక్కువ, కరెంటు గురించి నేర్పింది తక్కువ. నేర్చుకున్నదాంట్ల సంతోషపడేది పెద్దగ ఏం లేదు.

గేటు కాడి మనిషి

నాకు పని నేర్పింది గౌస్ భాయ్. పహాడీ షరీఫ్ దిక్కు ఉంటుండె. నోట్లె పాన్ ఉన్నంతసేపు మాట్లాడకపోతుండె, పాన్ లేనప్పుడు తిడుతుండె. ఆయన ఈ డబ్బాను గిట్ల చెప్పిండు.

"ఫంక్షన్ హాల్ గేటు కాడ ఒకడు నిలబడ్డడు అనుకో. లోపలికి ఎంతమంది పోయిన్రో లెక్క పెడతడు, బయటికి ఎంతమంది వచ్చిన్రో లెక్క పెడతడు. వంద మంది పోయి వంద మంది వస్తే వానికి ఫికర్ లేదు. వందల నలుగురు తక్కువొచ్చిన్రంటే, ఎవడో గోడ దునికిండు. జల్ది గేట్ బంద్."

అంతే. ఫేజ్ మీద పోయిన కరెంటు న్యూట్రల్ మీద తిరిగి రావాలె. రాకుంటే నడుమల ఎక్కడికో పోతుంది. గోడలకు పోతుండొచ్చు, గీజర్ రేకుకు పోతుండొచ్చు, మీ ఇంటామె చేతిలకెల్లి భూమిలకు పోతుండొచ్చు. గేటు కాడోడు ఎవరు ఏందని అడగడు. బంద్ చేస్తడు.

పక్కన ఎంసీబీ ఉన్నది గద అంటరు మస్తుమంది. ఎంసీబీ కాపాడేది తీగను. పదహారు ఆంపియర్లు దాటితే తీగ కాలుతదని అది పడుతది, అంటే తానే బంద్ అయితది. మనిషి సావనీకి పదహారు ఆంపియర్లు ఎందుకు? ముప్పై మిల్లీ ఆంపియర్లు (ఆంపియర్‌ల వెయ్యో వంతులు ముప్పై) దాటి జరసేపు ఒంట్లకెల్లి పారితే గుండె తన తాళం మర్చిపోతది, అందుకే ఇంట్ల పెట్టే ఆర్‌సీసీబీ ముప్పైది. తీగ పాణానికి ఒక డబ్బా, మనిషి పాణానికి ఒక డబ్బా. మనోళ్ళు తీగకు పెట్టి మనిషికి పెట్టరు. తీగ కొన్నది, మనిషి ఊకెనే వచ్చిండు.

రెండు అబద్ధాలు ఇక్కడనే కొట్టేస్త. ఒకటి, ఎర్త్ లేని ఇంట్ల ఆర్‌సీసీబీ పనిచెయ్యదు అనేది. చేస్తది. కాకపోతే ఎర్త్ మంచిగుంటే మనిషి ముట్టకముందే పడుతది, ఎర్త్ లేకుంటే మనిషి ముట్టినంక పడుతది. మన దిక్కు భూమి అంతా గుండు, మొరం. గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసినా ఎండకాలం వచ్చేసరికి ఎర్త్ ఎండి గోడకు మేకు కొట్టినట్టే అయితది. అందుకే మన దిక్కు ఈ డబ్బా అవుసరం ఇంకా ఎక్కువ. రెండోది, ఈ డబ్బా ఉంటే ఇగ షాకే కొట్టదు అనేది. ఒక చేత్తోని ఫేజ్, ఒక చేత్తోని న్యూట్రల్ పట్టుకుంటే గేటు కాడోనికి లెక్క సరిపోతది. పోయిన్రు, వచ్చిన్రు. నడుమల నువ్వున్నవని వానికి ఎట్ల తెల్వాలె?

డైరెక్ట్

మా పనిల ఒక మాటున్నది. ఈ మాట ఇంటి ఓనర్లకు గూడ వచ్చు, వాళ్ళ చిన్నపిల్లలకు గూడ వచ్చు. డైరెక్ట్. అంటే అడ్డమున్న డబ్బాను తప్పిచ్చి, వచ్చే తీగను పోయే తీగకు కలిపేసుడు. డబ్బా గోడకు ఉంటది, దాని మీద లైటు గూడ వెలుగుతుంటది. లోపల ఏం ఉండదు. గేటు కాడోడు కుర్చీల కూసున్నడు, జనం పక్క సందులకెల్లి పోతున్నరు, గంతే.

గగన్‌పహాడ్ కాడ ఒక కొత్త ఇంట్ల గృహప్రవేశం. మేమే వైరింగ్ చేసినం. సరిగ్గ పాలు పొంగే టైముకు ఇల్లంత బంద్. ఫ్యాన్లు ఆగినయ్, లైట్లు పోయినయ్, అయ్యగారు మంత్రం నడుమల ఆగి పైకి చూసిండు. ఇంటామె కండ్లల్ల నీళ్ళు.

"ముహూర్తం టైముకు దీపం పోయిందే! గిదేం అపశకునమే!" అన్నది ఆమె అత్త.

"శకునం గాదమ్మా, సీరియల్ సెట్టు వానకు తడిసింది," అన్న నేను.

ఇంటాయన నా మొఖం గూడ చూడలే. గౌస్ భాయ్ దిక్కు తిరిగి, "భాయ్, ముందు డైరెక్ట్ చెయ్యి. తర్వాత మాట్లాడుదాం," అన్నడు.

గౌస్ భాయ్ నోట్లె పాన్ లేకుండె. "డైరెక్ట్ కరే తో ఆద్మీ భీ డైరెక్ట్ జాతా సాబ్, ఊపర్," అన్నడు. డైరెక్ట్ చేస్తే మనిషి గూడ డైరెక్టే పోతడు, పైకి. గిట్ల అన్నది ఎక్కడ? గృహప్రవేశంల, పూలదండల నడుమ. ఆ అత్త గౌస్ భాయ్‌ని చూసిన చూపుకు డబ్బా అవుసరం లేకుండనే ఒక మనిషి పడిపోవాలె.

నేను పోయి సీరియల్ సెట్టు పీకేసిన, డబ్బా ఎత్తిన, లైట్లు వచ్చినయ్, పాలు పొంగినయ్. అయినా ఆ ఇంటోళ్ళు మమ్ముల మళ్ళ పిలవలే. తర్వాత ఎవడో పోయి డైరెక్ట్ చేసిండని తెలిసింది. తిరిగొచ్చేటప్పుడు గౌస్ భాయ్ బండి మీద ఒక్కటే మాటన్నడు: "పని చెయ్యని డబ్బాను ఎవడూ తిట్టడు."

ఇది మీకు పాఠం అనుకుంటే ఇందుల పనికొచ్చేది ఒక్కటే. ఫంక్షన్‌కు ఒక పొద్దు ముందే పోయి సీరియల్ సెట్లు, టెంటు లైట్లు ఒక్కొక్కటి పెట్టి చూడున్రి. డబ్బా మీద టెస్ట్ అని బటన్ ఉంటది, అది ఒత్తి పడుతుందో లేదో చూడున్రి. ఇంటోళ్ళకు గూడ నెలకోసారి ఒత్తుమని చెప్పున్రి. వాళ్ళు ఒత్తరు. చెప్పుడు మాత్రం మానొద్దు.

ఇంకోటి గూడ ఇక్కడనే చెప్త. షాపుల పోయి ఊకె "ముప్పైది ఇయ్యి" అంటే టైప్-ఏసీ అనే రకం చేతుల పెడతరు. అది పాతకాలం ఇండ్లకు సరిపోయింది. బల్బు, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె. ఇప్పుడు ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మిషన్లు, ఇండక్షన్ పొయ్యిలు, ఇంటి ముందట చార్జింగ్ స్కూటర్లు. వీటిల్ల లీకయ్యే కరెంటు సక్కటి అల లెక్క ఉండదు, సగం కోసినట్టు ఉంటది. ఆ టైప్-ఏసీ డబ్బాకు అది కనపడకపోవచ్చు. టైప్-ఏ అనే రకం అడుగున్రి. డబ్బా మీద అల బొమ్మ కింద ఇంకో సగం అల బొమ్మ ఉంటది. కండ్లు మంచిగున్నప్పుడే చూసుకోవాలె, నా లెక్క గాకముందు.

తొండుపల్లి ఇల్లు

ఇప్పుడు అసలు సంగతి. మల్లయ్య బాపు తొండుపల్లి మనిషి. ఎవుసం చేసుకుంట, ఎవుసం లేని రోజులు కంకర మిషన్ కాడ పనికి పోతుండె. ఆ దుమ్ము ఊపిరితిత్తులల్ల ఇల్లు కట్టుకున్నది. కొడుకు నర్సింహ గూడ ఒక ఇల్లు కట్టిండు, ఉన్న భూమిల జర అమ్మి, మూడంతస్తులు. కింద నర్సింహ, ఆయన భార్య అనసూయ, బాపు. నడుమ పోర్షన్‌ల కాకినాడ దిక్కు నుంచి వచ్చిన మూర్తి గారు, ఆయన భార్య. ఎయిర్‌పోర్టు దిక్కు ఏదో ఆఫీసుల నౌకరీ. పైన పోర్షన్‌ల విమానాల కాడ సామాన్లు ఎక్కించే జవాన్ పిలగాండ్లు, ఒక్కొక్క అర్రల నలుగురు.

ఇంటికి వైరింగ్ చేసినాయన మెయిన్ కాడ ఒకే ఒక ముప్పై మిల్లీ డబ్బా పెట్టి పోయిండు. మూడు పోర్షన్లకు ఒక్కటే. కొన్ని రోజులు మంచిగనే నడిచింది. తర్వాత పడుడు మొదలుపెట్టింది. పొద్దుగాల ఒకసారి, బట్టలు ఉతికేటప్పుడు ఒకసారి, వాన పడితే చెప్పనే వద్దు. మామూలు ఇల్లైతే తిట్టుకుంట ఎత్తుకుంటరు. ఈ ఇంట్ల కరెంటు పోతే బాపు ఆక్సిజన్ మిషన్ ఆగుతది.

నేను పోయేసరికి బాపు నులక మంచంల కూసోని ఉన్నడు. ముక్కుల పైపు. మిషన్ పక్కన గుడగుడ అంటున్నది.

"ఎట్లున్నవ్ బాపు?"

"ఏముంది బిడ్డా. మా తాతలు ఊకెనే పీల్చిన గాలికి నాకు మీటర్ పెట్టిన్రు."

అనసూయ తన పరేషాన్ చెప్పింది. "కరెంటు పోతే మిషన్ కుయ్‌కుయ్ అంటదన్నా. అన్నం చేస్తున్నా, నీళ్ళు పోసుకుంటున్నా ఉరుకాలె. మూలకు సిలిండర్ ఉన్నది, తాళంచెవి తిప్పి పైపు మార్చాలె. మార్చేలోపు మామ మొఖం చూడలేను నేను. అది ఒక్క పడకుండ చెయ్యి, నీకు పుణ్యం ఉంటది."

గంతే ఆమె అడిగింది. ఇంట్ల బాపు ఊపిరి ఆగొద్దు. నాకు దాని పక్కనే ఇంకోటి కనపడుతున్నది: ఆ మిషన్ మీద నీళ్ళ సీసా, కింద తడి బండ, ఇనుప కిటికీ, పైన రెండు పోర్షన్ల మనుషులు. ఊపిరి ఆగొద్దని డబ్బా తీసేస్తే గుండె ఆగే దారి తెరిచినట్టే. రెండూ కావాలె. రెండూ అయితయ్ గూడ. కరెంటుకు చేతనైతది. మనుషులకే కాలే.

ఎవరి తప్పు

నేను మెయిన్ డబ్బా చూద్దామని పోయేసరికి మెట్ల కాడ పంచాయితి నడుస్తున్నది.

"నీ గీజరే మూర్తి సారూ. నువ్వు స్నానానికి పోతేనే పోతది," అంటున్నడు నర్సింహ.

"మా గీజర్ కొత్తదండీ, నర్సింహ గారూ. బిల్లు కూడా ఉంది. మీ పాత ఫ్రిజ్ ఒకసారి చూపించండి," అన్నడు మూర్తి గారు.

"మా ఫ్రిజ్ మా పెండ్లి నాటిది. ఇన్నేండ్లు ఏం అనలే."

"పెండ్లి నాటిది అంటే మరి దానికీ విసుగొచ్చి ఉంటుంది కదండీ."

అనసూయ నవ్వు ఆపుకున్నది. నర్సింహ ఆపుకోలే, నవ్వలే గూడ. మొఖం ఎర్రగ చేసుకున్నడు.

నేను లీకు కొలిచే క్లాంప్ మీటరు వేసి ఒక్కొక్క పోర్షన్ చూసిన. కింద జర, నడుమ జర, పైన జర. ఎవరిది చూసినా పది మిల్లీ లోపే. ఫ్రిజ్జు, ఏసీ, వాషింగ్ మిషన్, లైట్ల చోక్‌లు, ప్రతి సామాను జరంత కరెంటును భూమికి ఇస్తనే ఉంటది, అది ఖరాబ్ అయినట్టు గాదు. కాని మూడు పోర్షన్లు కలిపి చూస్తే ఇరవై దాటె. ముప్పై డబ్బా ముప్పై దాక ఆగదు తమ్ముళ్ళూ. పదిహేను దాటినంక అది ఎప్పుడైనా కొట్టొచ్చు. అందుకే ఎప్పుడూ ఉండే లీకు దాని మూడో వంతు లోపలనే ఉంచాలె. ఈ ఇంట్ల డబ్బా పొద్దంత అంచు మీద నిలబడ్డది. ఎవరు స్విచ్ వేస్తే వాడే దొంగ.

"అయితే తప్పు ఎవరిదన్నా?" అన్నడు నర్సింహ.

"ఎవ్వరిది గాదు. తలా జర ఉన్నది, అంతా కలిసి ఒక్కదాని మీద పడుతుంది."

"గట్లెట్లయితది? కరెంటు పోతుంది గద. ఎవడో ఒకడు చేస్తేనే పోతది."

దొంగ దొరకని పంచాయితి మన దిక్కు ఎవ్వనికీ నచ్చదు. ఎవరిదీ తప్పు గాదంటే, చెప్పినోనికి పని రాదని అర్థం.

చెయ్యవలసింది చెప్పిన. మీరు గూడ ఇది గుర్తుపెట్టుకోన్రి. ప్రతి పోర్షన్‌కు దాని ముప్పై దానికి. బాపు మిషన్‌కు ఇంకెవ్వరితోని సంబంధం లేకుండ సొంతంగ ఒక ముప్పై. మెయిన్ కాడున్న ముప్పై తీసేసి, అక్కడ వంద గాని మూడువందలు గాని పెట్టాలె. వట్టిగ పెద్దది పెడితే సరిపోదు. పైన ఏదన్న సామాను ఒక్కసారే ఖరాబైతే, లీకు మూడువందలు గూడ దాటుతది, అప్పుడు చిన్నది పెద్దది రెండూ ఒక్కసారే పడుతయ్. పెద్దదానికి ఓపిక గూడ ఉండాలె. మీద ఎస్ అని గుర్తు ఉంటది, అది కావాలని జర ఆగి పడే రకం. ముందు చిన్నది పడితే దాని పని అయిపోయింది, పెద్దది ఊకుంటది. చిన్నది పడకపోతేనే పెద్దది లేస్తది. ఇంటి పెద్ద గూడ గట్లనే ఉండాలె గని, మన ఇండ్లల్ల పెద్దోళ్ళే ముందు లేస్తరు.

నర్సింహ తలకాయ ఊపిండు. ఎస్ గుర్తుది శంషాబాద్ షాపుల లేకుండె. తెప్పిచ్చేదాక ఆగుమన్న.

డబుల్ సేఫ్టీ

నర్సింహ ఆగలే. నేను వేరే పని మీద పోయిన దినాన షాపోడు తన మనిషిని పంపిండు. మూడు పోర్షన్లకు మూడు ముప్పైలు పెట్టిన్రు. మెయిన్ కాడున్న ముప్పై "కొత్తదే గద, ఎందుకు పీకాలె" అని గట్లనే ఉంచిన్రు.

"మీద ముప్పై, కింద ముప్పై. డబుల్ సేఫ్టీ," అన్నడట షాపోడు.

మూర్తి గారు అప్పుడే అడిగిండట: "రెండూ ముప్పైయే కదండీ. ఏది ముందు పడుతుందో ఎలా చెబుతారు?" ఆయన అడిగింది నూటికి నూరు పాళ్ళు సరైన మాట. షాపోడు, "ఏది పడినా మీ మంచికే సార్," అన్నడట. గిరాకీకి సరిపోయే జవాబు.

డబుల్ సేఫ్టీ గాదు అది. మూడు పోర్షన్ల లీకు ఇంకా ఆ మెయిన్ ముప్పై మీదనే ఉన్నది. కింద ఎన్ని పెట్టినా మీదోని బరువు తగ్గలే. కొత్త డబ్బాలు వచ్చినా మెయిన్ పడుతనే ఉన్నది. కిరాయోళ్ళు అందరూ వచ్చి ముడుతున్నరని నర్సింహకు కోపమొచ్చి, మెట్ల కింద ఆ మెయిన్ డబ్బాకు తాళమేసిండు. తాళంచెవి జేబుల పెట్టుకోని తిరుగుతుండె.

ఆ తాళం సంగతి నాకు తెల్వదు. తెలిసేసరికి ఆలస్యమయింది.

ఒక పగటిపూట పైన జవాన్లల్ల ఒకాయన నీళ్ళు కాగబెట్టే రాడ్డు పెట్టుకున్నడు. పై పోర్షన్ డబ్బా పడ్డది. దానితోని మెయిన్ గూడ పడ్డది. రెండు ముప్పైలు, రెండు ఒక్కసారే. నర్సింహ ఊళ్ళె లేడు. అనసూయ మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నది. మిషన్ కుయ్‌కుయ్ అన్నది ముందు విన్నది మూర్తి గారి భార్య. చెప్పులు గూడ లేకుండ దిగి వచ్చి సిలిండర్ కాడ నిలబడ్డది, దాని తాళంచెవి ఏ దిక్కు తిప్పాలెనో ఆమెకు తెల్వదు.

"అనసూయ గారూ! తాతగారు! తొందరగా రండి!"

అనసూయ మిద్దె మీదికెల్లి దునికినంత పని చేసింది. పైపు మార్చింది. సిలిండర్ల గాలి సగం గూడ లేదు. మెయిన్ డబ్బాకు తాళం. పచ్చడి నూరే బండ తెచ్చి ఆ తాళాన్ని కొట్టి కొట్టి పగలగొట్టి, మెయిన్ ఎత్తింది. ఆ డబ్బా తలుపు మీద ఆ బండ దెబ్బలు నేను తర్వాత చూసిన. ఒక్కొక్క సొట్ట అరచేయంత ఉన్నది.

బాపు ఆ దినం బతికిండు. దవాఖానకు తీసుకపోయిన్రు. అక్కడ కొన్ని రోజులుండి పోయిండు. డాక్టరమ్మ, ఊపిరితిత్తులు ముందే అయిపోయినయ్ అన్నది. ఊరు డాక్టరమ్మ మాట వినలే. "డబ్బా పడి సచ్చిండు" అన్నది ఊరు. నర్సింహ గూడ అదే నమ్మిండు.

ఇది మీరు మంచిగ వినున్రి. ఊరిది మొత్తం అబద్ధం గాదు. మనిషిని కాపాడే డబ్బా, తప్పు జాగల పెడితే, ఒక ముసలాయన గాలి ఆపింది. ఒక్క డబ్బా తప్పు పెట్టినోడు ఒక ఇంటిని గాదు, ఊరి మొత్తాన్ని ఆ డబ్బాకు దుష్మన్ చేసిపోతడు. నేను ఎన్ని ఇండ్లల్ల మంచిగ పెట్టిన, అవి ఎవ్వరికీ గుర్తు లేవు. ఈ ఒక్క ఇల్లు అందరికీ గుర్తున్నది.

దినాలైనంక

బాపు దినాలు అయినంక పోయిన. నేను చెప్పిన ఎస్ డబ్బా అప్పటికి వచ్చింది, సంచిల పట్టుకపోయిన. మూర్తి గారు ఇల్లు ఖాళీ చేసిండు. పాపం మంచిగనే నమస్తే పెట్టి పోయిండట. నర్సింహ గుండు మీద ఇంకా వెంట్రుకలు రాలే.

"ఆ డబ్బా నా బాపును తిన్నదన్నా," అన్నడు. "అన్నీ డైరెక్ట్ చేపిచ్చిన. ఇప్పుడు మంచిగున్నది. ఒక్కసారి గూడ పోతలేదు."

"బాపును తిన్నది దుమ్ము నర్సింహ. డబ్బా గాదు. డబ్బా తప్పు జాగల పెట్టిన్రు. ఇగో, ఇది ఆనాడే చెప్పిన."

"నువ్వు చెప్పినవ్, షాపోడు చెప్పిండు, మూర్తి సారు చెప్పిండు. అందరూ చెప్పిన్రు. బాపు పోయిండు."

నేను ఆ ఎస్ డబ్బాను మళ్ళ సంచిల పెట్టుకున్న.

అప్పటిదాక గడప కాడ నిలబడ్డ అనసూయ మాట్లాడింది. చేతులు తడి, కాళ్ళు తడి. వెనుక వాషింగ్ మిషన్ తిరుగుతున్నది.

"అన్నా, మాకు పెట్టు. కింద పోర్షన్‌కు. నువ్వు చెప్పినట్టు పెట్టు."

"మళ్ళ పడుతది," అన్నడు నర్సింహ.

"పడనీ. ఇన్ని రోజులు పడినప్పుడల్లా ఎవలు ఉరికిన్రు? నువ్వా? నేనే గద. పడితే నేనే ఎత్తుకుంట. నిన్న వాషింగ్ మిషన్ ముడితే సుర్రుమన్నది. చెప్తే, ఊకెనే అదురుకుంటున్నవ్ అన్నవ్ నువ్వు."

నర్సింహ ఆఖరికి ఒప్పుకున్నడు. "సరే, కింద పెట్టు. మెయిన్ కాడ గూడ నువ్వన్నది పెట్టు. పైన పోర్షన్లు గిట్లనే ఉండని. కిరాయోళ్ళు కరెంటు పోయిందని ఫోన్ చేస్తే నాకు చాతగాదు."

"పైనున్నోళ్ళు మనుషులే గద నర్సింహ."

"ఆర్నెల్లకు మారుతరన్నా వాళ్ళు."

మెయిన్ మార్చిన. కింద డబ్బా డైరెక్ట్ తీసి కలిపిన. అనసూయతోని టెస్ట్ బటన్ ఒత్తిపిచ్చిన. టక్కున పడ్డది. ఆమె తానే ఎత్తింది. ఆ వాషింగ్ మిషన్ వెనుక తీగ ఒరిపిడి పట్టి పొట్టు పోయి ఉన్నది, టేపు చుట్టి, సక్కటి తీగ వేపియ్యుమని చెప్పిన.

ఇంటికి పోయేటోన్ని పోతే అయిపోయేది. పైకి ఎక్కిన. మూడో అంతస్తు దాక, ఈ మోకాళ్ళతోని. జవాన్లు ఇద్దరు డ్యూటీకి తయారైతున్నరు.

"తమ్ముళ్ళూ, మీ డబ్బా డైరెక్ట్ ఉన్నది. సక్క చేసి పోనా?"

"కరెంటు పోదు గదా అంకుల్?"

"లీకుంటేనే పోతది."

"మాకేం లీకులు లేవంకుల్, చేస్కోండి," అన్నడు ఒకాయన నవ్వుకుంట, అద్దంల తల దువ్వుకుంట.

మెయిన్ బంద్ చేసి, డబ్బాను తప్పిచ్చిన జంపర్ తీగ తీసి, తీగలు వాటి జాగల పెట్టి, మెయిన్ ఎత్తి వచ్చిన. కిందికి దిగి బండి కిక్కు కొట్టేలోపు మిద్దె గోడ మీదికెల్లి ఒక తలకాయ కనపడ్డది.

"అంకుల్! కరెంటు పోయింది!"

"పోయింది కరెంటే గద రా!"

వానికి నవ్వు రాలే. నాకు గూడ. ఇంతకుముందు మెయిన్ మాటిమాటికి పడ్డది అందరి లీకు కలిసి. ఇప్పుడు, బాపు మిషన్ ఆగిన నాటి లెక్కనే, ఈ ఒక్క పోర్షన్ సొంత ముప్పై పడ్డదంటే, పైన ఏదో నిజంగనే మనిషి కోసం చూస్తున్నది. మళ్ళ ఎక్కిన. స్నానాల అర్రల బకెట్ల అదే రాడ్డు. దాని పైనున్న పొర పగిలి నీళ్ళు లోపలికి పోతున్నయ్. ఆ బకెట్ నిండ నీళ్ళు. పక్కన తడి కాళ్ళతోని ఒకాయన, తువ్వాల కట్టుకోని, చెయ్యి నీళ్ళల్ల పెట్టి వేడైనయా అని చూస్తున్నడు.

ప్లగ్గు పీకేసిన. రాడ్డు సంచిల వేసుకున్న. వాళ్ళకు చూపిచ్చిన, చెప్పిన, దండం గూడ పెట్టిన. "సరే అంకుల్, సరే అంకుల్," అన్నరు. డబ్బా ఎత్తిన. ఈసారి నిలబడ్డది.

పొద్దుగూకంగ నర్సింహ ఫోన్ చేసిండు. గొంతుల కోపం లేదు. బాపు పోయినంక ఆయనకు కోపం చేసే ఓపిక గూడ లేదు.

"అన్నా, పైన పిలగాండ్లు ఫోన్ చేసిన్రు. ఎవరి కాడనో వేరే పాత రాడ్డు తెచ్చుకున్నరట, మళ్ళ పోయిందట. మంచిగున్నదాన్ని ఎందుకు ముట్టినవన్నా?"

"నర్సింహ, అది మంచిగ..."

"నువ్వేం పరేషాన్ గాకు. ఇంకొకాయన్ను పిలిచి బాగు చేపిచ్చిన. ఇగ పోదు."